మాజీ సైనికుల ఇళ్లలో కాలేజీ చదువులకు స్కాలర్‌షిప్: నెల్లూరు జిల్లా కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

పదిహేడు, పద్దెనిమిదేళ్లు సర్వీసు చేసి పెన్షన్ మీద ఊరికి వచ్చేసిన జవానుకు ఇంకా నలభై కూడా నిండవు. పిల్లలు అప్పుడే టెన్త్‌లోనో ఇంటర్‌లోనో ఉంటారు. ఇంటి ఖర్చు పెరిగేది ఆ వయసులోనే, జీతం ఆగిపోయి సగం పెన్షన్ మిగిలేదీ ఆ వయసులోనే. రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ అడిగితే "మీకు పెన్షన్ వస్తుంది కదా" అంటారు. కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుందని చాలా ఇళ్లలో తెలియదు. ఎవరో చెప్పి తెలుసుకునే సరికి పిల్లవాడు సెకండియర్‌లో ఉంటాడు, అప్పటికి దరఖాస్తు చేసే సమయం దాటిపోయి ఉంటుంది.

ఉదయగిరి, వింజమూరు, కలిగిరి వంటి మెట్ట మండలాల నుంచి, ఇటు కావలి, బుచ్చిరెడ్డిపాళెం, పొదలకూరు వైపు నుంచి సైన్యానికి వెళ్లి వచ్చిన కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. ముందు ఇప్పుడున్న పథకాల్లో మనకు రావలసింది ఎలా రాబట్టుకోవాలో చూద్దాం. తర్వాత, అర్హత నిబంధనల్లో మన కుటుంబాలు ఎక్కడ జారిపోతున్నాయో, వాటిని విస్తరించమని ఎవరిని ఎలా అడగాలో చూద్దాం. ఈ రెండూ కలిసి నడవాల్సిన పనులు. ఉన్న పథకాలకు దరఖాస్తులే పెట్టని జిల్లా నుంచి కొత్తవి కావాలని అర్జీ వెళితే దానికి బలం ఉండదు.

1. ముందు కాగితాలు, ఆ తర్వాతే కాలేజీ

అన్నిటికంటే ఎక్కువ స్కాలర్‌షిప్‌లు పోయేది ఇక్కడే. అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

సైన్యంలో పనిచేసిన ప్రతి ఒక్కరూ రూల్స్ ప్రకారం "మాజీ సైనికుడు" కారు. పెన్షన్‌తో వచ్చినవారు, సర్వీసు వల్ల వచ్చిన వైకల్యంతో పంపించబడినవారు, నిర్ణీత కాలం పూర్తి చేసి గ్రాట్యుటీతో విడుదలైనవారు ఆ నిర్వచనంలోకి వస్తారు. మధ్యలో సొంత కారణాలతో, పెన్షన్ లేకుండా వచ్చేసినవారు సాధారణంగా రారు. మీరు ఎందులోకి వస్తారో డిశ్చార్జ్ బుక్‌లో "విడుదలకు కారణం" అన్న చోట రాసి ఉంటుంది. అది ఒకసారి తీసి చదవండి.

తర్వాత నెల్లూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదై ఉండాలి. పెన్షన్ బ్యాంకులో పడుతుంది కదా, ఇక ఆ ఆఫీసుతో పనేముంది అనుకుని ఏళ్ల తరబడి అటు వెళ్లని వారు చాలామంది ఉన్నారు. పిల్లల చదువుకు సంబంధించిన ప్రతి కాగితం మీద ఆ ఆఫీసు సంతకమే కావాలి. నమోదు చేయించుకుని, మాజీ సైనికుల గుర్తింపు కార్డుకు కూడా అప్పుడే దరఖాస్తు పెట్టండి. డిశ్చార్జ్ బుక్, పెన్షన్ పేమెంట్ ఆర్డర్, ఆధార్, ఫొటోలు తీసుకెళ్లాలి. ఉదయగిరి నుంచి నెల్లూరుకు దాదాపు వంద కిలోమీటర్లు. ఒక్క జిరాక్స్ మర్చిపోతే ఆ రోజంతా వృథా అవుతుంది. అన్నీ రెండేసి కాపీలు పెట్టుకుని, ఒరిజినల్స్ కూడా చేతిలో ఉంచుకుని బయల్దేరండి.

ఇప్పుడు పేర్ల సంగతి. సర్వీసులో ఉండగా పెళ్లి, పిల్లల పుట్టుక యూనిట్‌కు తెలియజేస్తే పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే జవాను వ్యక్తిగత వివరాలను రికార్డుకు ఎక్కించే ఉత్తర్వులో చేరతాయి. దాని ఆధారంగా డిశ్చార్జ్ బుక్‌లో భార్యాపిల్లల పేర్లు పడతాయి. చిక్కు ఏమిటంటే, అప్పుడు యూనిట్ క్లర్కుకు మనం చెప్పిన పేరు ఒకటి, ఊళ్లో బడిలో వేసిన పేరు ఇంకొకటి. డిశ్చార్జ్ బుక్‌లో "చైతన్య" అని మాత్రమే ఉంటుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరుతో సహా "పాలేటి పెంచల చైతన్య" అని ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు చివరకు వెళ్లిపోతుంది. పుట్టిన తేదీలో కూడా తేడా ఉందంటే ఇక చెప్పనక్కర్లేదు. ఊళ్లో అందరికీ తెలిసిన బిడ్డే అయినా, ఆన్‌లైన్ దరఖాస్తులో ఈ మూడూ కలవకపోతే వెనక్కి వస్తుంది.

టెన్త్ మెమోలో ఉన్న పేరును, పుట్టిన తేదీని ప్రమాణంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా మార్పించుకోవడమే దీనికి మార్గం. ఆధార్ మార్పు ఆధార్ సెంటర్‌లో అయిపోతుంది. సర్వీసు రికార్డులో మార్పు మాత్రం మీ రికార్డ్ ఆఫీసులోనే జరగాలి. ఆర్టిలరీ వాళ్లది నాసిక్ రోడ్, సిగ్నల్స్ వాళ్లది జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్, ఈఎంఈ, ఏఓసీ వాళ్లవి సికింద్రాబాద్. ఎయిర్‌ఫోర్స్ రికార్డులు ఢిల్లీ సుబ్రతో పార్క్‌లో, నేవీ సెయిలర్లవి ముంబైలో ఉంటాయి. జనన ధ్రువపత్రం, టెన్త్ మెమో, ఆధార్, డిశ్చార్జ్ బుక్ కాపీ, నోటరీ అఫిడవిట్ జతచేసి, జిల్లా సైనిక సంక్షేమ అధికారి ద్వారా పంపించండి. నేరుగా పోస్టు చేయడం కంటే ఆఫీసు కవరింగ్ లెటర్‌తో వెళ్లిన కాగితానికి జవాబు త్వరగా వస్తుంది. అయినా నెలలు పట్టొచ్చు. అందుకే పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉండగానే ఈ పని మొదలుపెట్టమని అందరికీ చెబుతుంటాను. ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక మొదలుపెడితే ఆ టెన్షన్ తట్టుకోలేరు.

విద్యార్థి పేరు మీద సొంత బ్యాంకు ఖాతా, దానికి ఆధార్ లింకు కూడా ఇప్పుడే చేయించండి. నాన్న ఖాతా, ఉమ్మడి ఖాతా పనికిరావు.

2. సీటు దగ్గరే మొదలయ్యే సాయం: సీఏపీ కోటా

స్కాలర్‌షిప్ గురించి ఆలోచించే ముందు సీటు గురించి ఆలోచించాలి. మంచి కాలేజీలో కన్వీనర్ సీటు వస్తే ఫీజే సగం తగ్గిపోతుంది. ఈఏపీసెట్ ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో సాయుధ దళాల సిబ్బంది పిల్లలకు 2 శాతం సీట్లు కేటాయించి ఉన్నాయి. దాన్నే సీఏపీ కోటా అంటారు. మాజీ సైనికుల పిల్లలతో పాటు సర్వీసులో ఉన్నవారి పిల్లలు, బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్ వారి పిల్లలు కూడా ఇందులోకి వస్తారు, ఆంధ్రప్రదేశ్ స్థానికులై ఉండాలి. టెన్త్ మార్కులతో చేర్చుకునే ట్రిపుల్ ఐటీల్లోనూ, అంటే మనకు దగ్గర్లోని ఒంగోలు క్యాంపస్ సహా ఆర్జీయూకేటీ అడ్మిషన్లలోనూ ఈ కోటా ఉంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. దరఖాస్తు ఫారంలోనే ప్రత్యేక కేటగిరీ దగ్గర సీఏపీ అని టిక్ పెట్టాలి. ర్యాంకు చూసుకున్నాక పెడదాంలే అనుకుంటే కుదరదు. ఇంకొకటి, మామూలు సర్టిఫికెట్ల వెరిఫికేషన్ వేరు, ప్రత్యేక కేటగిరీ వెరిఫికేషన్ వేరు. సీఏపీ వారిని విజయవాడ పిలుస్తారు, ర్యాంకుల వారీగా తేదీలు ఇస్తారు, సైనిక సంక్షేమ శాఖ అధికారులు ఒరిజినల్స్ చూస్తారు. ఆ తేదీ తప్పితే కోటా తప్పినట్టే. జిల్లా ఆఫీసు నుంచి తీసుకోవలసిన సర్టిఫికెట్ అంతకు ముందే చేతిలో ఉండాలి. యుద్ధంలో అమరులైన వారి పిల్లలు, వైకల్యం పొందినవారి పిల్లలు, శౌర్య పతకాలు పొందినవారి పిల్లలకు మొదటి ప్రాధాన్యం ఉంటుంది, ఆ తర్వాతే మిగతావారు.

3. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్: పెద్ద సాయం ఇదే

2006-07లో మొదలైన ఈ పథకాన్ని కేంద్రీయ సైనిక్ బోర్డు నడుపుతుంది. దేశం మొత్తానికి ఏడాదికి 5,500 స్కాలర్‌షిప్‌లు, అందులో సగం అమ్మాయిలకు. అమ్మాయికి నెలకు 3,000, అబ్బాయికి నెలకు 2,500 రూపాయలు. ఏడాదికి ఒకసారి మొత్తంగా విద్యార్థి ఖాతాలో వేస్తారు. నాలుగేళ్ల బీటెక్ చదివే అమ్మాయికి మొత్తం 1,44,000, అబ్బాయికి 1,20,000. కాలేజీ ఫీజు అంతా దీనితో తీరదు కానీ హాస్టల్ ఖర్చుకు కొండంత అండ.

ఎవరికి వస్తుంది? ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, కోస్ట్‌గార్డ్ నుంచి రిటైరైన వారి పిల్లలకు, అలాగే మరణించిన వారి భార్యలకు. ఈ రెండో మాట దయచేసి గట్టిగా చెప్పండి. ఇరవై అయిదు, ముప్ఫై ఏళ్లకే భర్తను పోగొట్టుకున్న అమ్మాయి ఇంటర్ చదివి ఉంటే, బీఈడీ చేసి టీచర్ కావాలనుకుంటే ముందు డిగ్రీ, ఆ తర్వాత బీఈడీ స్కాలర్‌షిప్. నర్సింగ్ వైపు వెళితే నేరుగా ఇదే. పిల్లల కోసమే ఈ పథకం అనుకుని ఆమె చదువు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. అన్నో, మరిదో ఎవరో ఒకరు ఎత్తాలి.

ఎంపిక ఆరు కేటగిరీల వరుసలో జరుగుతుంది. యుద్ధంలో చనిపోయిన వారి కుటుంబాలు మొదట, యుద్ధంలో వైకల్యం పొందినవారు, సర్వీసు కారణంగా చనిపోయినవారు, సర్వీసు కారణంగా వైకల్యం పొందినవారు, శౌర్య పురస్కారం పొందినవారు ఆ తర్వాత, చివరగా మామూలుగా రిటైరైనవారి పిల్లలు. ఈ చివరి కేటగిరీలో ఆఫీసర్ ర్యాంకుకు దిగువ వారి పిల్లలనే తీసుకుంటారు, మార్కులే నిర్ణయిస్తాయి. మన జిల్లాలో ఎక్కువ కుటుంబాలు ఉండేది ఇందులోనే.

మార్కుల లెక్క ఇది: కోర్సులో చేరడానికి కావలసిన కనీస చదువులో 60 శాతం ఉండాలి. బీటెక్‌కైతే ఇంటర్ లేదా డిప్లొమా, బీఈడీకి, ఎంబీఏకి, ఎంసీఏకి డిగ్రీ. కోర్సు వృత్తి విద్యా డిగ్రీ అయి ఉండాలి: బీటెక్, ఎంబీబీఎస్, బీడీఎస్, బీఫార్మసీ, నర్సింగ్, అగ్రికల్చర్, బీబీఏ, బీసీఏ, బీఈడీ వంటివి. మామూలు బీఏ, బీకామ్, బీఎస్సీలకు ఇది రాదు. దూరవిద్యకు రాదు, విదేశాల్లో చదివేవారికి రాదు. ఎంబీఏ, ఎంసీఏ తప్ప మిగతా పీజీలకు రాదు.

దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో, ఆన్‌లైన్‌లోనే. ఫస్టియర్‌లో చేరిన సంవత్సరంలోనే పెట్టాలి. అడ్మిషన్లు అయ్యాక నోటిఫికేషన్ వస్తుంది, కొన్ని నెలలు తెరిచి ఉంచుతారు. మూడు అనుబంధ పత్రాలు కావాలి. మొదటిది మాజీ సైనికుడి వివరాలతో జిల్లా సైనిక సంక్షేమ అధికారి ఇచ్చేది. రెండోది కాలేజీ ఇచ్చే బోనఫైడ్, అందులో కోర్సు పేరు, కాలవ్యవధి, ఏ సంస్థ గుర్తింపు ఉందో స్పష్టంగా ఉండాలి. మూడోది ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందని బ్యాంకు మేనేజర్ ఇచ్చేది. వెబ్‌సైట్‌లో ఉన్న నమూనాలనే ప్రింట్ తీసుకుని నింపించండి. కాలేజీ వాళ్లు తమ మామూలు బోనఫైడ్ ఇచ్చి పంపించేస్తారు, అది చెల్లదు. ప్రిన్సిపాల్ గారికి నమూనా చూపించి అందులోనే సంతకం, ముద్ర అడగండి.

అప్‌లోడ్ చేసినంత మాత్రాన పని అయిపోలేదు. ఒరిజినల్స్ జిల్లా ఆఫీసులో చూపించాలి. అక్కడ ఆమోదించాక రాష్ట్ర సైనిక సంక్షేమ శాఖకు, అక్కడి నుంచి ఢిల్లీకి వెళుతుంది. ఇంటర్నెట్ సెంటర్‌లో ఫారం నింపించుకుని రసీదు జేబులో పెట్టుకుని ఊరికి వెళ్లిపోయిన దరఖాస్తులు అక్కడే ఆగిపోతాయి. లాగిన్‌కు ఇచ్చే ఈమెయిల్, ఫోన్ నంబరు మీవే ఇవ్వండి, సెంటర్ వాళ్లవి కాదు. ఏదైనా లోపం ఉంటే ఆ మెయిల్‌కే తెలుపుతారు.

ఎంపికైన తర్వాత ఏటా రెన్యువల్ ఉంటుంది. ప్రతి సంవత్సరం 50 శాతం మార్కులతో పాస్ అవ్వాలి. పిల్లలకు ఈ సంగతి మొదటిరోజే చెప్పాలి. బ్యాక్‌లాగ్ మామూలే అనుకునే బీటెక్ వాతావరణంలో, ఒక సబ్జెక్టు పోయినందుకు ఏడాది డబ్బు ఆగిపోతుందని వాళ్లకు తెలియదు.

సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ వంటి దళాల నుంచి వచ్చినవారు సైనిక్ బోర్డుకు వెళితే లాభం లేదు. వారికి హోంశాఖ నుంచి ఇదే పేరుతో వేరే పథకం ఉంది, అంతే మొత్తం, ఏడాదికి 2,000 మందికి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి.

4. మామూలు డిగ్రీ చదివేవారికి: రక్షామంత్రి నిధి

వీఆర్ కాలేజీలోనో కావలి జవహర్ భారతిలోనో బీకామ్, బీఎస్సీ చదివే పిల్లలకు పైన చెప్పింది రాదు కదా. వారికి రక్షామంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి విద్యా గ్రాంటు ఉంది. ఒకటో తరగతి నుంచి డిగ్రీ వరకు, ఇద్దరు పిల్లలకు వర్తిస్తుంది. భర్త చనిపోయిన స్త్రీ రెండేళ్ల పీజీ చదివితే ఆమెకూ వస్తుంది. హవల్దార్, దానికి సమానమైన ర్యాంకు, అంతకు దిగువ వారికే ఇది. నేవీలో పెట్టీ ఆఫీసర్, ఎయిర్‌ఫోర్స్‌లో సార్జెంట్ వరకు అన్నమాట. పెన్షన్ ఉన్నా లేకపోయినా పరవాలేదు.

ఈ మధ్య అర్హతలో కాకపోయినా మొత్తంలో పెద్ద మార్పు వచ్చింది. నెలకు 1,000 రూపాయలుగా ఉన్న ఈ గ్రాంటును 2,000 చేస్తూ 2025 అక్టోబరులో రక్షణ మంత్రి ఆమోదించారు. 2025 నవంబరు 1 నుంచి పెట్టిన దరఖాస్తులకు కొత్త మొత్తం వర్తిస్తుంది. ఇద్దరు పిల్లలుంటే ఏడాదికి 48,000. వెయ్యి రూపాయల కోసం నెల్లూరు దాకా ఎవరు తిరుగుతారులే అని వదిలేసినవారు ఇప్పుడు మళ్లీ ఆలోచించాలి.

తరగతి పాసైన తర్వాత ఆ మార్కుల జాబితాతో దరఖాస్తు పెట్టాలి, అదే వెబ్‌సైట్‌లో. రిజల్ట్స్ వచ్చిన వెంటనే పెట్టేయండి. రాష్ట్రం నుంచి గానీ, రిటైరయ్యాక చేరిన ఉద్యోగం నుంచి గానీ అదే బిడ్డ చదువుకు డబ్బు తీసుకుంటూ ఉండకూడదు. బ్యాంకులో, రైల్వేలో రెండో ఉద్యోగం చేస్తూ పిల్లల చదువు భత్యం తీసుకునేవారు ఇది గమనించాలి. దొంగ డిక్లరేషన్ ఇచ్చి తర్వాత రికవరీ నోటీసు తెచ్చుకోవద్దు.

యుద్ధంలో మరణించిన, గల్లంతైన, శాశ్వత వైకల్యం పొందినవారి పిల్లలకు వీటన్నిటికంటే మెరుగైన ఏర్పాటు ఉంది. ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఫీజు భరించే రక్షణ శాఖ విద్యా రాయితీ అది. 2017లో దానికి నెలకు 10,000 రూపాయల పరిమితి పెట్టారు, నిరసనలు వచ్చాక 2018లో ఎత్తేశారు. గట్టిగా అడిగితే నిబంధన మారుతుందనడానికి ఇదొక మంచి ఉదాహరణ.

5. రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్: ఎక్కడ ఆగిపోతున్నాం

2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కొత్త అర్హతలు ఖరారు చేసింది. కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షలు మించకూడదు. మాగాణి అయితే 10 ఎకరాలు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు ఉండాలి. సొంత కారు ఉండకూడదు, ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. ప్రభుత్వ ఉద్యోగి, పెన్షనర్ ఉన్న ఇల్లు కాకూడదు. పారిశుధ్య కార్మికులకు మాత్రం ఈ చివరి నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు, అది న్యాయమే. మిలిటరీ పెన్షన్‌కు అలాంటి మినహాయింపు లేదు.

లెక్క వేసి చూడండి. ఏడాదికి 2.5 లక్షలంటే నెలకు 20,833 రూపాయలు. అరవై ఏళ్లకు పిల్లల చదువులన్నీ అయిపోయాక రిటైరయ్యే ఉద్యోగి పెన్షన్, ముప్ఫై ఎనిమిదేళ్లకు పిల్లలు టెన్త్‌లో ఉండగా రిటైరయ్యే సిపాయి పెన్షన్ ఒకటి కావు. సిపాయిని అంత త్వరగా ఇంటికి పంపించేది అతని ఇష్టంతో కాదు, సైన్యం యువకులతో ఉండాలన్న దేశ అవసరం కోసం. ఆ అవసరానికి మూల్యం అతని కూతురి కాలేజీ ఫీజు కాకూడదు. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ ఒక్క నిబంధనే.

అయినా ముందు మీ పరిస్థితి కనుక్కోండి. నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌ను ప్రస్తుతం అమల్లో ఉన్న ఉత్తర్వు చూపించమని అడగండి. గ్రాట్యుటీతో వచ్చి పెన్షన్ లేనివారికి పెన్షనర్ నిబంధన అడ్డు రాదు. తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం తీసుకుని దరఖాస్తు పెట్టండి. రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ సీటుకే వస్తుంది, మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రాదన్నది కూడా గుర్తుంచుకోండి.

అర్హత లేదన్నారని దరఖాస్తే పెట్టకుండా ఊరుకోవద్దు. పెట్టి, తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాతి మెట్టులో మీ చేతిలో ఉండే ఆయుధం ఆ కాగితమే.

6. ఇంకా ఎవరెవరు బయట ఉన్నారు

అర్జీ రాసేముందు ఎవరి కోసం అడుగుతున్నామో తేల్చుకోవాలి. పెన్షన్ నిబంధనతో రాష్ట్ర సాయం కోల్పోయే జవాన్ల పిల్లలు మొదటి వరుస. జేసీఓలు, అంటే హవల్దార్‌కు పై ర్యాంకుల్లో ఉండే నాయిబ్ సుబేదార్, సుబేదార్ల పిల్లలు మామూలు డిగ్రీ చదివితే రక్షామంత్రి నిధికీ నోచుకోరు, రాష్ట్ర సాయానికీ నోచుకోరు.

తర్వాత, మాజీ సైనికుడే మళ్లీ చదవాలనుకుంటే? ఇంటర్‌తో చేరి నలభైకి బయటకు వచ్చిన మనిషి బీఈడీ, లా చదవాలనుకుంటే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌లో అతనికి చోటు లేదు. అది పిల్లలకు, మరణించిన వారి భార్యలకే. పదిహేనేళ్ల సర్వీసుకు ఇచ్చే గ్రాడ్యుయేషన్ సమాన ధ్రువపత్రం కొన్ని ఉద్యోగాలకు పనికొస్తుంది తప్ప ఫీజు కట్టదు.

అన్నిటికంటే తొందరగా తేలాల్సింది అగ్నివీరుల సంగతి. నాలుగేళ్ల సర్వీసుకే సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం 2022లో వచ్చింది, మొదటి బ్యాచ్ శిక్షణలో చేరి నాలుగేళ్లు పూర్తయ్యేది 2026 చివరికి. నాలుగో వంతు మందిని ఉంచుకుని మిగతావారిని పంపించేస్తారు. వారికి పెన్షన్ లేదు, పథకం ప్రకారం మాజీ సైనికుడి హోదా కూడా లేదు. సేవానిధి పేరుతో ఒకేసారి ఇచ్చే సుమారు 11.71 లక్షల రూపాయలు మాత్రం చేతికి వస్తాయి. ఇరవై రెండు, ఇరవై అయిదేళ్ల వయసులో వచ్చే ఈ పిల్లలు సరిగ్గా కాలేజీ వయసు వాళ్లు. ఇగ్నో వారి సర్వీసు శిక్షణకు సగం క్రెడిట్లు ఇచ్చే ప్రత్యేక డిగ్రీ పెట్టింది, అది మంచి దారే. కానీ రెగ్యులర్ కాలేజీలో బీటెక్ చదవాలనుకునే అగ్నివీరుడికి రాష్ట్రం ఏం ఇస్తుంది? సేవానిధిని ఆ ఏడాది ఆదాయంగా లెక్కిస్తారా? వాళ్లు ఊళ్లకు వచ్చాక కాదు, రాకముందే ఇది తేల్చమని అడగాలి.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధం ముగియకముందే, 1944లో అమెరికా జీఐ బిల్ పేరుతో చట్టం చేసి, తిరిగొచ్చే సైనికుల చదువును ప్రభుత్వమే భరించింది. ఇరవై లక్షల మందికి పైగా దానితో కాలేజీ మెట్లెక్కారు. సైనికుడు మరణిస్తేనో, గాయపడితేనో మాత్రమే కాక, క్షేమంగా తిరిగొచ్చినా అతని చదువు బాధ్యత దేశానిదే అన్నది అక్కడి ఆలోచన.

7. విస్తరించమని అడగడం ఎలా

ఒక్కొక్కరుగా అడిగితే వ్యక్తిగత సమస్యగా పక్కన పెడతారు. మండలంలో ఉన్న మాజీ సైనికులు పది మంది కూర్చుని, తిరస్కరణ కాగితాలు ఒక చోట చేర్చండి. పేరు, ర్యాంకు, సర్వీసు కాలం, రిటైరైన వయసు, నెల పెన్షన్, బిడ్డ కోర్సు, ఏడాది ఫీజు, తిరస్కరణ కారణం ఒక పట్టికగా రాయండి. ఆవేశంతో రాసిన నాలుగు పేజీల కంటే ఈ ఒక్క పట్టిక అధికారి మీద ఎక్కువ పనిచేస్తుంది.

దానితో పాటు సమాచార హక్కు దరఖాస్తు వేయండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా, ఆపై స్థాయిలో 10 రూపాయలు. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. జిల్లా సాంఘిక సంక్షేమ, బీసీ సంక్షేమ శాఖలను "గత మూడు విద్యా సంవత్సరాల్లో కుటుంబంలో పెన్షనర్ ఉన్నారన్న కారణంతో తిరస్కరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తులెన్ని" అని అడగండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని "నమోదైన మాజీ సైనికులెందరు, ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు జిల్లా నుంచి పంపినవి ఎన్ని, మంజూరైనవి ఎన్ని" అని అడగండి. ఎందుకు ఇవ్వలేదు అని వాదించే ప్రశ్నలు వద్దు. అంకెలు అడగండి, ఉత్తర్వుల కాపీలు అడగండి.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. ఇలా రాయొచ్చు:

"అయ్యా, మేము ఫలానా మండలానికి చెందిన మాజీ సైనికులము. సైనిక సర్వీసు నిబంధనల వల్ల మేము ముప్ఫై అయిదు నుంచి నలభై అయిదేళ్ల మధ్య పదవీ విరమణ చేయవలసి వస్తుంది. ఆ సమయానికి మా పిల్లలు ఉన్నత విద్యకు వస్తున్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హతలలో పెన్షనర్ కుటుంబాలను మినహాయించడం వల్ల మా పిల్లలు సాయం పొందలేకపోతున్నారు. అదే ఉత్తర్వులో పారిశుధ్య కార్మికులకు ఇచ్చిన మినహాయింపు తరహాలో, ఆఫీసర్ ర్యాంకుకు దిగువన రిటైరైన మాజీ సైనికుల కుటుంబాలకు పెన్షనర్ నిబంధన నుంచి మినహాయింపు ఇవ్వాలని, ఆదాయ పరిమితి లెక్కలో సైనిక పెన్షన్‌ను కలపవద్దని, మళ్లీ చదువుకునే మాజీ సైనికులకు, నాలుగేళ్లు పూర్తి చేసిన అగ్నివీరులకు కూడా ఇదే అర్హత కల్పించాలని కోరుతున్నాము. వివరాల పట్టిక జతచేశాము."

పారిశుధ్య కార్మికుల ప్రస్తావన తీసేయకండి. ఉత్తర్వులోనే ఒక మినహాయింపు ఉందంటే ఇంకొకటి చేర్చడానికి దారి ఉన్నట్టే. వాళ్లకు ఇచ్చారు కాబట్టి అన్న ఫిర్యాదు స్వరం మాత్రం రానివ్వకండి. వాళ్లకు ఇచ్చినట్టే మాకూ ఇవ్వండి అన్నది మన మాట.

ఎవరికి ఇవ్వాలి? నెల్లూరు కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి, రసీదు నంబరు తీసుకోండి. జిల్లా సైనిక బోర్డుకు అధ్యక్షుడు కూడా కలెక్టరే. కాబట్టి అదే కాపీని జిల్లా సైనిక సంక్షేమ అధికారికి ఇచ్చి, బోర్డు తదుపరి సమావేశం ఎజెండాలో పెట్టి, రాష్ట్రానికి సిఫారసు పంపమని విడిగా అడగండి. మామూలు అర్జీ జిల్లాలోనే ఆగిపోవచ్చు, బోర్డు సిఫారసు మాత్రం రాష్ట్ర స్థాయికి చేరుతుంది.

రాష్ట్ర ఉత్తర్వు మారాలంటే శాసనసభ్యుడు, శాసనమండలి సభ్యులు కావాలి. మన జిల్లా ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు పట్టభద్రుల, ఉపాధ్యాయుల నియోజకవర్గాల్లో ఉంది. ఆ ఎమ్మెల్సీలకు చదువుకు సంబంధించిన సమస్యలు తీసుకెళితే శ్రద్ధగా వింటారు. సభలో ప్రశ్న వేయమని అడగండి, ప్రశ్న మీరే రాసి ఇవ్వండి. రక్షామంత్రి నిధిని జేసీఓలకు, ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌ను మాజీ సైనికుడికే విస్తరించడం కేంద్రం పని, దానికి ఎంపీ దగ్గరకు వెళ్లాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు: పొదలకూరు, ముత్తుకూరు, మనుబోలు, వెంకటాచలం మండలాలు సర్వేపల్లి అసెంబ్లీ కిందివి, సర్వేపల్లి నెల్లూరు లోక్‌సభలో లేదు, తిరుపతిలో ఉంది. మీ ఎంపీ ఎవరో చూసుకుని వెళ్లండి.

డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవం. ఆ రోజు కలెక్టర్, ప్రజాప్రతినిధులు మాజీ సైనికులను కలుస్తారు, పత్రికలవాళ్లూ ఉంటారు. శాలువా కప్పించుకుని రావడంతో సరిపెట్టకుండా, ఆ పట్టికను, అర్జీని చేతిలో పెట్టి రండి.

నెల దాటినా కదలిక లేకపోతే రసీదు నంబరుతో మళ్లీ అడగండి. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా, ముప్ఫై రోజుల లోపల అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయొచ్చు, అక్కడా తేలకపోతే రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు. ఈలోగా పిల్లల ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ రెన్యువల్ తేదీ, విద్యా గ్రాంటు దరఖాస్తు తేదీ దాటిపోకుండా క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.